ఆకుపచ్చ గుర్రం

కళ్ళజోళ్ళ కొట్టు వెనక గది, మధ్యాహ్నం టీ వేళ. అద్దాలు అరగదీసే ఆడవాళ్ళిద్దరే ఉన్నారు. పెళ్ళయిన పెద్దావిడకు పాత వీడియో గేముల పిచ్చి. కొట్లో అందరూ పిచ్చుక అని పిలిచే చిన్నదానికి ఆ పిచ్చి అంటించిన పుణ్యం కూడా ఆవిడదే.

"చచ్చిపోయింది పిచ్చుకా. మొదటి లెవెల్లోనే గుర్రం ఏట్లో కొట్టుకుపోయింది. ఇంకెక్కడి గుర్రం?"

"పోలేదక్కా. శవాన్ని చూపించారా? చూపించలేదు. చూపించకపోతే బతికున్నట్టే. ఏ ఆటైనా అంతే, ఏ సినిమా అయినా అంతే."

"సినిమాల్లో అయితే చచ్చినవాడి కవల తమ్ముణ్ణి కూడా తెస్తారు. ఇది పాతకాలం ఆట తల్లీ. ఆ క్యాసెట్లో రాజుగారికి మొహమే సరిగ్గా పట్టలేదు, గుర్రాన్ని మళ్ళీ ఎక్కడ పెడతారు?"

"పెట్టారుగా."

"ఏంటి?"

"పెట్టే ఉంటారు అంటున్నా. కోట చివరి తలుపు దాటాక వస్తుంది. నా మనసు చెబుతోంది."

"నీ మనసు మొన్న రాజుగారే దొంగ అని కూడా చెప్పింది. తీరా చూస్తే వంటవాడు."

"అది వేరు, ఇది వేరు. నువ్వే ఆలోచించు. మనం ఆడించే కాపలావాళ్ళిద్దరూ తలుపు దాటి బయటికొస్తారా, వాన పడుతుంటుందా, అక్కడ జీను కూడా లేకుండా ఒంటరిగా నిలబడి ఉంటుందక్కా, ఆ ఆకుపచ్చ గుర్రం. నాకైతే ఏడుపొచ్చేసింది. ఊహించుకుంటేనే."

"ఆకుపచ్చ గుర్రమా?"

"ఆ. అదేగా."

"ఆ గుర్రం తెల్లది పిచ్చుకా."

"తెల్లదా?"

"పాలలా ఉంటుంది. డబ్బా మీద బొమ్మ కూడా తెల్లదే."

"ఏమో, ఏ టీవీలోనో అలా కనబడింది."

"నీకు వీడియో గేమే లేదు. ఆడితే మా ఇంట్లో ఆడాలి. పోయినేడు వచ్చి ఆడావు, అప్పుడు తెల్లగానే ఉంది. మా టీవీ పాడైంది పోయిన వారం. అప్పట్నించీ తెల్లనివన్నీ ఆకుపచ్చగా కనబడుతున్నాయి. వార్తలు చదివే ఆవిడ పళ్ళతో సహా."

"ఎవరో చెప్పారక్కా."

"ఎవరు?"

"ఎక్కడో చదివా."

"చెప్పారా, చదివావా?"

"టీ చల్లారిపోతోంది."

"చల్లారనీ. పోయిన వారం మా ఇంటికొచ్చావా?"

"నువ్వు లేనప్పుడు నేనెందుకొస్తాను?"

"నేను లేనప్పుడు అని నేనన్నానా?"

"గొడుగు మర్చిపోయానక్కా. దానికోసం వచ్చా. బావగారున్నారు. ఒక్క ఆట ఆడి వెళ్ళమన్నారు. అంతే."

"పోయినేడు మర్చిపోయిన గొడుగు ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"ఒట్టక్కా. నేను వద్దనే అన్నా. ఆయనే..."

"బావగారు ఆయన ఎప్పుడయ్యాడు?"

"అక్కా."

"ఆ అద్దం కింద పెట్టు. పగలగొట్టేలా ఉన్నావు. ఎన్నాళ్ళనించి?"

"వద్దక్కా."

"ఎన్నాళ్ళనించి?"

"చలికాలం నించి."

"ఈ కొట్లో పని ఇప్పించింది నేను. ఆడటం నేర్పింది నేను. జ్వరం వస్తే మా ఇంట్లో పడుకోబెట్టి నోట్లో ముద్ద పెట్టా కదే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఎలా ఉంటుందో ఇవాళ చూశా."

"కొట్టు అక్కా. నోరెత్తను, పడతాను."

"నిన్ను కొడితే నా చెయ్యి నొప్పి. విను. ఆ కోట చివరి తలుపు ఒక్కరికి తెరుచుకోదు. ఇద్దరు కూర్చుని చెరో మీట ఒకేసారి లాగాలి. పెళ్ళైన కొత్తలోనే మేమిద్దరం అక్కడిదాకా వెళ్ళాం. నేనే ఆపేశా. ముసలాళ్ళమయ్యాక తీద్దాం, మనకంటూ ఒకటి మిగలనీ అన్నా. నవ్వి, నా చేతిలో చెయ్యేశాడు. అప్పట్నించీ చివర ఏముందో ఎవరు చెప్పబోయినా చెవులు మూసుకున్నా. ఇప్పుడు కూడా నీతో చచ్చిపోయింది, చచ్చిపోయింది అని వాదించింది అందుకే. తెలుసుకోవడం ఇష్టంలేక."

"ఆ మాట నాకు తెలీదక్కా. ఆయన ఎప్పుడూ చెప్పలేదు."

"ఎలా చెబుతాడు? కడుపు మండిపోతోందే పిచ్చుకా. మీరిద్దరూ ఏం చేశారో దానికి తర్వాత ఏడుస్తా, బోలెడు టైముంది. ముందు ఇది చెప్పు. ఆ తలుపు అతని పక్కన కూర్చుని నువ్వే తీశావా?"

"లేదు."

"ఇంకా అబద్ధాలే. తీయకుండా అవతల ఉన్న గుర్రాన్ని ఎలా చూశావు?"

"దాటాను, తీయలేదు. నిజం. ఆయన ఎప్పుడో ఆడి, ఆపిన చోట సేవ్ చేసుకున్న ఆట ఒకటి పెట్టాడు. అందులో ఆ తలుపు అప్పటికే తీసి ఉంది. నీతో కలిసే తీశాడనుకున్నానక్కా."