పావు కేజీ నీళ్లు

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదమ్మా. అయిదో తరగతితో ఆగిపోయిన చెయ్యి. యూనిఫారాలు కుట్టే మిషను మీద తిన్నగా పోతుంది గానీ కాగితం మీద వంకర్లు పోతోంది. సర్దుకుని చదువుకో.

కానీ అదేంటమ్మా, మొన్న చెప్పుల కొట్టు మెట్ల మీద మా చిట్టి ఎదురైతే ముక్కూ మొహం తెలియనిదాన్ని చూసినట్టు చూసి దిగిపోయావు? ఆరేళ్లు ఒకే పడవలో, దాని వీపు చూస్తూ నువ్వు, ఇద్దరూ ఒకే ఊపిరిగా తెడ్లు వేశారే. మూడు దేశాల నుంచి పతకాలు తెచ్చారే. కోపమొస్తే తిట్టాలి గానీ అలా చూస్తారా?

"నీకేం తెలుసు పిన్నీ, ఊరుకో" అంటావు. తెలుసు కాబట్టే రాస్తున్నా.

మొదట్లో నాకా ఆటే అర్థమయ్యేది కాదు. వెనక్కి తిరిగి కూర్చుని ముందుకు పోవడమేంటే, ఎదురుగా ఏదైనా వస్తేనో అని అడిగితే, "మనకి ఎదురొచ్చేదెవరు పిన్నీ, అందరూ వెనకే కదా" అన్నావు నువ్వు. ఎంత నవ్వుకున్నామో.

బరువు సంగతే నాకు మింగుడు పడలేదు. మీది బక్కవాళ్ల పోటీయట. ఇద్దరూ కలిపి నూట పద్నాలుగు కేజీలు దాటకూడదట. అందుకని రెండు రోజుల ముందు నుంచి తిండి సరే, నీళ్లు కూడా కట్టు. కన్నదాన్ని, ఎలా చూడను చెప్పు?

ఆ ప్రపంచ పోటీలకి నన్ను పట్టుబట్టి తీసుకెళ్లింది చిట్టే. ఆ పొద్దున రెండు చొక్కాల మీద రెయిన్‌కోటు తొడుక్కుని పరిగెత్తింది. చెమటంతా పిండుకుని వచ్చి, గదిలో చిన్న కాటా ఎక్కి, "సరిపోయిందమ్మా, గంట పడుకుంటా" అంది. పెదాలు పగిలి ఎర్రటి చారలు. నిద్రలో నాలుకతో తడుపుకుంటోంది, ఆ నాలుకకే తడి లేదు.

సరిపోయింది అందిగా, ఇక అయిపోయిందనుకున్నా. అసలు కాటా పడవల దగ్గర ఇంకా ఉందని నా బుర్రకి తోచలేదు. తల కాస్త ఎత్తి, చిన్నప్పుడు జ్వరంలో పట్టినట్టు, గ్లాసుడు నీళ్లు పట్టా. కళ్లు తెరవకుండానే తాగేసింది.

నేనేనమ్మా. నేనే పట్టా.

అక్కడ పావు కేజీ ఎక్కువొచ్చింది. మళ్లీ పరిగెత్తారు, ఉమ్మారు. నడుం దాకా ఉన్న జడ నువ్వు కత్తెరతో కోయించేసుకున్నావు. ఇంకా డెబ్బై గ్రాములు. టైమైపోయింది, మిమ్మల్ని పడవే ఎక్కనివ్వలేదు.

కోచ్ సారు ఎవరు తాగారని అడిగారు. నేను గుమ్మం పక్కనే ఉన్నా. నా మొహం చూడగానే చిట్టికి అర్థమైపోయింది. "దాహం ఆగలేదు సార్, నేనే" అంది.

"ఒక్క గ్లాసులో నా ఆరేళ్లు తాగేశావే" అన్నావు నువ్వు దాన్ని. ఆ మాట పడాల్సింది నేను.

దాన్ని జట్టులోంచి తీసేశారు. సరిజోడు దొరక్క నువ్వూ ఆగిపోయావు. నేను చెప్తానంటే చిట్టి ఒప్పుకోలేదు. "చెప్తే పడవ తిరిగొస్తుందా? నిన్ను కూడా అంటారు, అంతే. వద్దమ్మా" అంది. ఆ వద్దన్న మాట చాటున రెండేళ్లు దాక్కున్నా. ఇప్పుడది ఫోన్ల కొట్టులో కూర్చుంటోంది. అరచేతుల్లో కాయలు కరిగిపోయాయి. ఇదివరకు పొయ్యి మీది గిన్నె ఉత్త చేత్తో దించేది, ఇప్పుడు టీ గ్లాసు పట్టుకున్నా కాలుతోందంటోంది.

ఇంకొకటుంది. ఇది చిట్టికి కూడా తెలియదు.

మర్నాడు పొద్దున విమానానికి బస్సులో వెళ్తున్నాం. నువ్వు ముందు సీట్లో, కోసిన జుట్టుకి రుమాలు కట్టుకుని కూర్చున్నావు. చిట్టి నా పక్కన నిద్ర నటిస్తోంది. నేను లేచా. చెప్పేద్దామనే లేచా. ఒక్కో సీటూ పట్టుకుంటూ నీ దాకా వచ్చా. నువ్వు తలెత్తి, "ఏంటి పిన్నీ, ఏమైనా కావాలా" అన్నావు. ఆ గొంతులో నా మీద ఇసుమంత కోపం లేదు.

గాలి కొడుతోంది, కిటికీ వెయ్యనా అమ్మా అన్నా. వేసి, వెనక్కొచ్చి నా సీట్లో కూర్చున్నా.