చిరుత కాపలా కాసే కుక్కగూడు

కొత్తగూడెంలో గని క్వార్టర్ల మలుపు దగ్గర జంపయ్య టీ బండి ఉంది. ఇన్నయ్య అక్కడికొచ్చి బెంచీ మీద కూర్చుంటే జంపయ్య ఇంకో గిన్నె పాలు పొయ్యి మీద పెడతాడు. ఇన్నయ్య నోరు తెరిచాక వినేవాళ్లు బెంచీ మీంచి లేవరని అతనికి తెలుసు.

ఇన్నయ్య బతుకంతా గనిలో పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యాడు. పొద్దున లేస్తే పోవాల్సిన చోటు లేదు. ఒక కుక్కపిల్ల ఉంటే బాగుండు అనుకున్నాడు. అనుకున్న నాటి నుంచి దాని మీదనే ప్రాణం పెట్టుకున్నాడు.

ఆ కుక్కపిల్ల భీమక్క దగ్గర ఉంది. ఆమెది భద్రాచలం వైపు అడవిలో ఊరు. కిందటి ఈతలో ఒక పిల్లను అడిగినవాళ్ల చేతిలో ఊరికే పెట్టింది. వాళ్లు దాన్ని రేకుల కింద కట్టేసి పెళ్లికి పోయారు. ఎండకు అది దక్కలేదు. అప్పటి నుంచి భీమక్కది ఒకటే మాట. ఇల్లు తయారుచేసుకున్నవాళ్లకే పిల్ల. లేకుంటే గంపతో సహా బస్సెక్కి వాపసు.

ఆ పొద్దున ఇన్నయ్య టీ బండి దగ్గర, భీమక్క పిల్లను తెచ్చే బస్సు కోసం ఎదురుచూస్తున్నాడు. బస్సు రాకముందే భీమక్క గంప చంకన పెట్టుకుని క్వార్టర్ల దారి నుంచి నడిచి వచ్చింది. ఆమె ఆ దారినెందుకు వచ్చిందో ఇన్నయ్య ఆలోచించలేదు. కోతలు కోయబోయేవాడికి దారులు కనబడవు.

“ఇల్లు తయారైందా తమ్మీ?” అని అడిగి ఆమె బెంచీ మీద కూర్చుంది.

“పెద్దగ ఏం చెయ్యలేదక్కా. ఏదో చిన్న గూడు చేసిన. టేకు చెక్కది.”

భీమక్క తలాడించింది.

“టేకంటే బజార్ల దొరికే టేకు గాదు. అడవిల పిడుగు పడి, తనంతట తనే పలకలు పలకలుగ చీలిన చెట్టు. రంపం తగల్లే. ఫారెస్టాయన వచ్చి, ఇన్నయ్యా, ఇది నీ కుక్క కోసమే పుట్టిన చెట్టని సంతకం పెట్టిచ్చిండు. గూడు తయారైనంక ఎత్తబోతే లేవలే. క్రేన్ తెప్పిచ్చిన. గూడు బరువుకు క్రేన్ ముందుకు ఒరిగింది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?”

“ఏమైంది కాకా?” బెంచీ చివర నుంచి ఆటో నడిపే బద్యా అడిగాడు.

“ఏమైతది? క్రేన్‌ను లేపనీకి నేనే ఒక చెయ్యేసిన.”

జంపయ్య టీ వడపోస్తూ, “ఏ చెయ్యి ఇన్నన్నా?” అన్నాడు.

“ఎడమది. కుడిచేతిల టీ గిలాస ఉండె.”

“మరి ఎండకో?” అంది భీమక్క. ఆమె చెయ్యి గంప మీది గుడ్డను గట్టిగా పట్టుకుంది. అది చూసి, పిల్లను ఇవ్వదేమోనని ఇన్నయ్య భయపడ్డాడు. భయమేసినప్పుడు మనిషి నిజం పట్టుకోవాలి. ఇన్నయ్య మాత్రం మాట పెంచుతాడు.

“ఎండ దాని దగ్గరికి రాదక్కా. గని అడుగు నుంచి మా పెరట్లకు పైపు ఏసిన. నేల కింది గాలి బుస్సున వస్తది. మే నెలల గూట్ల మంచు పేరుకుంది. చూడనీకి వచ్చిన పక్కింటి రాఘవమ్మకు దగ్గు పట్టుకుంది, దవాఖానాల చేర్చిన్రు.”

“నిన్ననే ఆమెను ఆటోల మార్కెట్టుకు దింపిన గదా కాకా? మంచిగనే ఉంది.”

“మంచిగనే ఉంటది. మళ్ల ఆ గాలే పట్టిచ్చి తగ్గిచ్చిన. ఇగ పాల సంగతి. మా ఇంటి ఎనుకల బర్రె గని సైరన్ ఇని లేస్తది. వచ్చి గూటి ముందు నిలబడి, పిల్లకు అందేటట్టు మోకాళ్లు వంచుతది. అది సరే, ఇదంతా చూసి మొన్న ఎవరొచ్చిన్రో ఎరికేనా? చిరుత!”

“నిన్ను తిననీకా?” అన్నాడు జంపయ్య.

“గూడు కిరాయికి అడగనీకి. చుట్టూ తిరిగింది, పైపు ముందల కూసుంది, కండ్లు మూసింది. ఇది పసిపిల్ల కోసం కట్టినమమ్మా అని మంచిగ చెప్పిన. అర్థం చేసుకున్నది. అప్పటిసంది రోజూ వచ్చి గేటు కాడ కాపలా కాస్తున్నది.”

“కుక్కకు చిరుత కాపలానా?” అన్నాడు బద్యా.

“మరి? పాలు తాగే పిల్ల, అదేం కాపలా కాస్తది?”

భీమక్క టీ అయిపోగొట్టి గ్లాసు కింద పెట్టింది.

“తమ్మీ, నేను మొదటి బస్సుకే వచ్చిన. మీ ఇంటికి పోయే ఇటొచ్చిన.”

ఇన్నయ్య చేతిలో గ్లాసు నోటిదాకా పోలేదు.

“టేకు గూడు లేదు. పైపు లేదు. బర్రె లేదు. చిరుత గూడ లేదు.”

“దాని షిఫ్టు అయిపోయిందేమో,” అన్నాడు బద్యా.

మలుపులో భద్రాచలం పోయే బస్సు హారన్ మోగింది. భీమక్క గంప ఎత్తుకుని లేచింది. ఇన్నయ్య తల దించుకున్నాడు. ఆమెను ఆగమనడానికి కూడా అతనికి మొహం లేదు.

“నీళ్లు పోయే మోరీ బొక్కల పిల్ల పడకుండ ఇటుకలు పెట్టి సిమెంటు పూసినవు,” అంది ఆమె నిలబడే. “కరెంటు వైర్లు అందకుండ పైకి కట్టినవు. నీళ్లకు నూనె డబ్బా సగానికి కోసి, మూతి గీరుకోకుండ అంచు మడిచినవు. గోనెసంచితోని పరుపు కుట్టినవు. దాని లోపల ఏం పెట్టినవో నీ భార్య సంపూర్ణ చెప్పింది.”

ఇన్నయ్య గ్లాసును బెంచీ మీద పెట్టాడు.

“గనిల ఆఖరి రోజు తొడిగిన అంగీ అంట గదా. ఉతకనీకి గూడ ఆమె చేతికి ఇయ్యవంట. మరి ఇవెందుకు చెప్పలే?”

“అవి చెప్పుకునేంత పెద్దయి గాదక్కా.”

“పిల్లకు గవే గావాలె.”

భీమక్క గంప మీది గుడ్డ తీసి కుక్కపిల్లను అతని చేతుల్లో పెట్టింది. అది అతని చొక్కా గుండీ వాసన చూసి, వెంటనే ఆ చొక్కాను తడిపింది. ఇన్నయ్య కదల్లేదు. పిల్లను గుండెకు సర్దుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

“అక్కా, ఆ గోనెసంచి కుట్టిన సూది ఉన్నది సూడు, అది మామూలు సూది గాదు...”

“తమ్మీ,” అంది భీమక్క, “బస్సు ఇంక కదల్లే. గంప ఖాళీగనే ఉంది.”

ఇన్నయ్య నోరు మూసుకున్నాడు. జంపయ్య రెండో గిన్నె పాలు పొయ్యి మీద నుంచి దించేశాడు.