ఏమీ వెయ్యని సీసా

కాలేజీ గేటు పక్క టీ బంకు దగ్గర ల్యాబ్ అటెండరు బాబాయి నోరు విప్పాడంటే, వినేవాళ్ల టీ చల్లారాల్సిందే. ఆరోజు బెంచీ చివర డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి కూడా కూర్చుంది. ఇంకో గంటలో ఆమె క్లాసు ముందు నిలబడి తన ప్రయోగం ఫలితం చెప్పాలి. పాల చక్కెర వేస్తేనే బ్యాక్టీరియాలో ఒక జన్యువు మేలుకుని సీసాలో నీళ్లు నీలమవుతాయి. ఆమె కాస్త మార్చిన జన్యువు మాత్రం చక్కెర వెయ్యని సీసాలోనూ మేలుకుంది. మేడమ్‌కి కూడా తెలియని సంగతి తనకు దొరికిందని పొంగిపోతోంది.

"పాఠం చెప్పేది మేడమైనా, జన్యువుల్ని నిద్రలేపేది నేనేనయ్యా," అన్నాడు బాబాయి. "శనివారం తాళం వేస్తూ సీసాల వంక ఒక్క చూపు చూశాను, అంతే, నీలం తిరిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ నీలం గోడలకి పాకి, కిటికీలోంచి దూకి, డాబా మీద పావురాలు నీలం, ప్రిన్సిపాల్ గారి తెల్లకారు నీలం, పాపం ఆయన కారు పోల్చుకోలేక నడిచి ఇంటికెళ్లారు."

"మరి నీ చొక్కా తెల్లగానే ఉందేం?" అన్నాడు టీ కాసేవాడు.

"ఉతికానుగా. ఆ నీళ్లు కాలవలో పోస్తే ఊళ్లో కుళాయిలన్నీ నీలం, అది చూసి ఆకాశం సిగ్గుపడి మూడ్రోజులు మబ్బు చాటున కూర్చుంది."

"అది ముసురు పట్టిందయ్యా."

అమ్మాయి కూడా నవ్వేసింది. దాంతో బాబాయికి ఇంకా ఊపొచ్చింది.

"నా హస్తవాసి అలాంటిది తల్లీ. అన్ని సీసాల్లోనూ పాల చక్కెర పడింది, చివరిది మాత్రం ఎవరో మర్చిపోయి ఉత్తదే పెట్టారు. చూస్తే నీ రోల్ నంబరు. నా కడుపు తరుక్కుపోయింది. డబ్బా తీసి చెంచాడు నేనే వేశా. సోమవారానికి ఎంత నీలమైందో చూశావుగా?"

అమ్మాయి గ్లాసు కింద పెట్టింది.

"అది మర్చిపోయింది కాదు బాబాయ్. ఏమీ వెయ్యకపోతే ఏమవుతుందో చూడాలనే అలా పెట్టాను."

ఆమె బాబాయి వైపు తిరిగింది.

"రోజూ ఇన్ని కోతలు కోస్తావు కదా," అంది మెల్లగా. "ఆ చెంచా మాట కూడా కోతేనని చెప్పు."

బాబాయి చల్లారిన టీ కింద పారబోశాడు.

"అదొక్కటే నిజం తల్లీ."