ఫారంలో పదిమంది

బెంగళూరు వర్తూరులో ఒక అవ్వ ఉండే అద్దె గది. ఒంటరి ముసలివాళ్ళను వారం వారం పలకరించేందుకు ఒక ట్రస్టు డబ్బిచ్చి నడిపే పథకం తరఫున వచ్చిన అమ్మాయి, ఏడాది చివరి ఫారం తీసి చాప మీద కూర్చుంది.

"అవ్వా, వారంలో ఎంతమందితో మాట్లాడతారు?"

"పదిమందని రాసుకో."

"పోయినసారి ఎవరూ లేరన్నారు కదా."

"తక్కువ రాస్తే నువ్వు సరిగా పని చెయ్యలేదంటారు. నా వల్ల నీ ఉద్యోగం పోతే ఎట్లమ్మా?"

"పదిమంది ఉంటే మీకు తోడు అక్కర్లేదని, వచ్చే వారం నుంచి నన్ను ఇంకో ఇంటికి పంపిస్తారు అవ్వా."

అవ్వ టీ గ్లాసు అమ్మాయి ముందుకు జరిపింది.

"అట్లయితే ఉన్నదున్నట్టు రాయి. నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే ఉండావు."

"మమ్మల్ని లెక్కలో వేయకూడదు అవ్వా."

"సరే. ఎవరూ లేరని రాసి టీ తాగమ్మా, చల్లారిపోతాది."