గ్లాసు మీది చుక్క

ఆస్పత్రి నుంచి రాగానే టైలరు వంటింటి గుమ్మంలో నిలబడి, వదినకి రిపోర్టు చూపించాడు.

“పన్నెండేళ్లలో ఒక్క పూట మందు మానలేదు వదినా. ఇప్పుడు నా రక్తంలో హెచ్‌ఐవీ క్రిమి పరీక్షకి కూడా అందడం లేదట. రోగాన్ని ఆపే కణాలు ఏడొందలు దాటాయట. మామూలు మనిషికున్నంత బలముందన్నారు డాక్టరుగారు.”

“చల్లని కబురు చెప్పావు నాయనా. కూర్చో, టీ ఇస్తాను.”

“ఏ గ్లాసులో ఇచ్చినా పర్లేదు.”

“నీ ఎంగిలితో ఆ రోగం రాదని నాకు మాత్రం తెలీదా?”

“మరి ఏం వెతుకుతున్నావు?”

“గోళ్లరంగు సీసా. నీ గ్లాసు మీద చుక్క చెరిగిపోయింది. ఏది నీదో తెలీక పొద్దున అన్నీ మరిగించాల్సొచ్చింది.”

“ఆ చుక్కేదో నా నుదుటనే పెట్టెయ్ వదినా. గ్లాసులు మరిగించే శ్రమ తప్పుతుంది.”