మోకాలిలోతు నీళ్లు

జంపఖానా నేయాలంటే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు పోగు అందిస్తే ఇంకొకరు అందుకోవాలి. ఆ ఆదివారం కొత్తవాడలో రుక్కమ్మ ఒక్కతే కూర్చుంది. ఆమె మొగుడు పండరి దోస్తులతో బాపట్ల బీచ్‌కు పోయి, వీడియో కాల్‌లో నవ్వుతున్నాడు.

“చూసినవానే, సముద్రం! జర లోపలికి పోయి చూపిస్త, ఆగు.”

“వెనక్కి నడువకయ్యా. నీళ్లకు వీపు పెట్టకు.”

“మోకాలిలోతే ఉన్నయి. ఇక్కడ పిల్లలు సుత గుర్రమెక్కి తిరుగుతాండ్రు. వడ్డేపల్లి చెరువు ఈదినోన్ని, నాకేం ఫికర్?”

“చెరువుకు ఆ ఒడ్డు ఉంటది. దీనికేది?”

“పిచ్చిదానా…”

“నీ వెనక అదేంది, గోడ లెక్క లేస్తాంది? పక్కకు జరుగు!”

ఫోన్‌లో ఆకాశం గిర్రున తిరిగింది. తర్వాత హోరు తప్ప ఏమీ లేదు. రుక్కమ్మ చేతిలో నూలుండ జారిపోయింది.

“ఓ అయ్యా! పలుకు!”

“ఉన్న… కూలబడ్డ. ఫోన్ పైకే పట్టుకున్న.”

“లేచి ఒడ్డుకు రా. దోస్తులను పిలువు.”

“వాళ్లకు వినబడతలేదు. కాళ్ల కింద ఇసుక పోతాందే. మగ్గం మీద పడుగు దారాలు గుంజినట్టు గుంజుతాంది. నువ్వు ఫోన్ పెట్టకు. ఏదో ఒకటి మాట్లాడుకుంట ఉండు.”

రుక్కమ్మకు రోజూ మగ్గం మీద అనే మాటే నోటికొచ్చింది.

“పోగిస్తాన, అందుకో.”

“అందుకున్న. ఒక్కడుగు ముందుకు పాకిన.”

“ఇంకోటి. అందుకో.”

హోరు.

“అందుకోవయ్యా!”

“…అందుకున్ననే. పొడి ఇసుక తగిలింది.”