మురిక్కాలవ మీద రథం ముగ్గు

వజ్రమ్మని ఒకావిడ. మాచనపేటలో గేదెలు మేపుకునే మనిషి, మొగుడు పోయాక వాటి మీదే ఇల్లు ఈదుకొస్తా ఉంది. నోరు మంచిది కాదంట గానీ పాలు మంచివి. అందుకని ఊరంతా ఆ నోరు భరించి ఆ పాలు పోయించుకునేవాళ్ళు. ఊరంటే పల్లె అనుకునేరు, కాదు, మున్సిపాలిటీ. సినిమా హాళ్ళూ ఆస్పత్రులూ ఉన్న పేట. ఆ పేట మొత్తం ఒళ్ళు కడుక్కున్న నీళ్ళూ, గిన్నెలు తోమిన నీళ్ళూ, ఇంక నేను నోరు విప్పి చెప్పక్కర్లేని నీళ్ళూ ఒకటే కాలవలో పడి దిగువకి పోయి, ఒక గుంటలో నిలబడి తేరుకుని, వజ్రమ్మ గడ్డి చేలోకి పారేవి. ఆ నీళ్ళకి గడ్డి ఎట్టా లేచేదనుకున్నారు? మనిషి దూరితే కనపడడు. ఆ గడ్డి తిని గేదెలు, ఆ గేదెల పాలు తాగి పేట. ఎవరిది తిరిగి తిరిగి ఎవరికి పోతందో ఎవరూ అడగరు. అడిగితే కాఫీ గొంతు దిగదు గదా.

ఇట్టా ఉండగా ఏమైందంటే, పేటకీ ఆవిడ చేనుకీ మధ్యలోంచి కొత్త హైవే పడుద్దన్నారు. కొలుచుకోడానికి చిదంబరం గారని ఇంజనీరు వస్తన్నాడు, ఆయన జీపు దిగేది సరిగ్గా మురిక్కాలవ దగ్గరే. మున్సిపల్ చైర్మన్ బాపినీడుకి ముద్ద దిగలేదంట. మన సంగతి మీకు తెల్సుగా, చుట్టం వస్తన్నాడంటే ఇల్లు ఊడ్చి, ఊడ్చిన చెత్త మంచం కిందకి తోసే జాతి మనది. ఎగువన ఇసక బస్తాలేయించి కాలవకి అడ్డం కట్టించాడు, పైన చెక్కలు పరిపించి ఎర్రమట్టి పోయించాడు, వజ్రమ్మా నీ చెయ్యి చక్కంది, ఒక ముగ్గెయ్యమ్మా అన్నాడు. ఆవిడా వేసింది. మామూలు ముగ్గు గూడా కాదు, రథం ముగ్గు. పొగిడితే మనిషి ఏ పని చెయ్యదు చెప్పండి. చిదంబరం గారు ఆ ముగ్గు తొక్కకుండా దాని పక్కనే, ఆ చెక్కల మీదే నిలబడి టీ తాగి, ఇక్కడ రోడ్డు కింద నీళ్ళు దాటే చోటేమన్నా ఉందా అనడిగాడంట. బాపినీడు చేతులు కట్టుకుని, అబ్బే చుక్క లేదండి, మాది శుభ్రమైన ఊరండి అన్నాడు. సరే అని ఆయన పోయాడు.

రోడ్డు కట్ట లేచింది. అది లేచేకొద్దీ కాలవ నీళ్ళు వచ్చి దానికి కొట్టుకుని, వెనక్కి తిరిగి పేట దొడ్లలోకి ఎక్కినయ్. అటుపక్క వజ్రమ్మ గడ్డి తడి లేక ఎర్రబడింది. గేదెలు ఖాళీ గాటికాడ నిలబడి ఆవిడ మొహం చూస్తన్నయ్, పాలు అడుగంటినయ్. ఆవిడ చైర్మన్ ఇంటికి పోయి, కట్ట కింద తూము పెట్టించమని ఇంజనీరుతో చెప్పన్నా, లేకపోతే నా గేదెల్ని సంతకి తోలుకోవాల్సిందే అంది. లేదన్న నోటితో ఉందని ఎట్టా చెప్పేదని ఆయన. చెప్పకపోగా ఇంకో ఉపాయం పన్నాడంట, కట్ట పక్కనే కాలవ తవ్వి ఆ నీళ్ళని వాగులోకి తిప్పుదామని. ఏ వాగనుకున్నారు? పేటంతా తాగే వాగు. "బాపినీడన్నా, పొద్దున నువ్వు వదిలింది సాయంత్రం చెంబుతో ముంచుకుంటావా?" అందంట వజ్రమ్మ. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఇంతలో చిదంబరం గారు పని చూడ్డానికి మళ్ళీ వస్తన్నాడు. ఈసారి మోటారు పెట్టి నిలవ నీళ్ళు తోడించారు, మళ్ళీ బస్తాలు, మళ్ళీ చెక్కలు, మళ్ళీ ముగ్గుకి వజ్రమ్మకి కబురు. వచ్చింది, చేతిలో ముగ్గు లేకుండా వచ్చింది. తప్పు చైర్మన్‌ ఒక్కడిదే అయితే సుఖంగా చెప్పేసేదే, అందులో తన చెయ్యి కూడా ఉందాయె. ఖాళీ గాడి కళ్ళ ముందుకొచ్చింది. "అయ్యా, పోయినసారి మీరు టీ తాగింది మా పేట మురిక్కాలవ మీద నిలబడి. ఇప్పుడూ దాని మీదే ఉన్నారు. ముగ్గేసి కప్పెట్టింది నేనే" అంది. బాపినీడు ఆకాశం వంక చూస్తన్నాడు, అక్కడేదో పని ఉన్నట్టు. ఇంజనీరు ఒక చెక్క లేపించి, లేపగానే వెనక్కి జరిగి ముక్కుకి రుమాలు పెట్టుకుని, ముందే చెబితే తూము వేసేవాణ్ణి గదమ్మా అన్నాడు.

"ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఎవరన్నా దొడ్డి చూపిస్తారా అయ్యా?"

"రోడ్డేసేవాడికి ముందు చూపించాల్సింది దొడ్డేనమ్మా" అన్నాడంట ఆయన, రుమాలు వెనకాల నవ్వుకుంటా.

ఇంక తారు పడకముందే కట్ట కోశారు, తూము పెట్టారు. వాగు జోలికి పోకుండా పేట నీళ్ళన్నీ రోడ్డు కింద నుంచి అవతలికి పోయేట్టు, అక్కడ పెద్ద గుంటల్లో తేరుకుని చేలోకి దిగేట్టు ఇంజనీరు దగ్గరుండి ప్లాను గీయించాడు. గడ్డి మళ్ళీ లేచింది, గేదెలు సంతకి పోలేదు. తూము తెరిచే రోజు బాపినీడు రిబ్బను కత్తిరించి, ఇదంతా నా ముందుచూపు అని ఉపన్యాసం దంచాడంట. ఆయనింటికి పోసే పాలల్లో ఆ వారం వజ్రమ్మ నీళ్ళెన్ని కలిపిందో మాత్రం నన్నడగొద్దు.

అదీ సంగతి. లేచి ఇళ్ళకి పోయేటప్పుడు మీ దొడ్లో నీళ్ళు ఎటు పోతన్నయ్యో ఒకసారి చూసుకోండి. అది చెప్పలేనోళ్ళు నా కథకి వంకలు పెట్టొద్దు.